కావలివాడు గుర్తుపట్టని ముఖం

2006 మార్చి 10, శుక్రవారం. వారాంతపు లెక్కలు తేల్చుకొందామని కూర్చున్న ఎందరో గుమాస్తాలకు ఆ రోజు ఎక్సెల్ తెరుచుకోలేదు. దొంగలెవరూ చొరబడి దానిని ఎత్తుకుపోలేదు. దొంగలు రాకుండా కాపలా పెట్టుకొన్న మెకాఫీ యాంటీవైరసే దానిని పట్టి బంధించింది. వైరసుల ఆనవాళ్ళతో ఆ సంస్థ తరచుగా పంపే పట్టికలలో ఆనాటిది 4715వది. అందులో దొర్లిన ఒక పొరపాటు వల్ల, లక్షలాది కార్యాలయాలలో రోజూ వాడుకలో ఉన్న ఎక్సెల్ ప్రోగ్రాము 'డబ్ల్యూ95/సీటీఎక్స్' అనే పాతకాలపు వైరసుగా దాని కంటికి కనిపించింది. కొన్నిచోట్ల ఎక్సెల్ నిర్బంధంలోకి పోయింది. మరికొన్ని చోట్ల, అనుమానం వచ్చినదానిని తుడిచివేయమని యజమానులు ముందే ఇచ్చి ఉంచిన ఆజ్ఞ ప్రకారం, ఏకంగా మాయమయింది. కొద్ది గంటలలోనే సవరించిన పట్టిక వచ్చింది గాని, పోయినదానిని మాత్రం ఎవరికి వారే తిరిగి తెచ్చుకోవలసి వచ్చింది.

కావలివాడు ఇంటివాడినే పట్టుకొన్న సంఘటన అదొక్కటే అయితే నవ్వుకొని మరచిపోవచ్చును. కాని ఆ తరువాత కూడ అటువంటివి జరుగుతూనే వచ్చాయి. ఈమెయిళ్ళలో వర్డ్ పత్రాల రూపంలో ఇల్లిల్లూ తిరిగిన 'ఎమొటెట్' అనే దుష్ట ప్రోగ్రామును 2021 జనవరిలో అనేక దేశాల పోలీసులు కలసి అణచివేశారు. ఆ యేడు నవంబరు నడుమ అది మళ్ళీ తలెత్తింది. పక్షం రోజులు గడిచాయో లేదో, నవంబరు 30న, మైక్రోసాఫ్ట్ వారు వ్యాపార సంస్థలకోసం నడిపే డిఫెండర్ రక్షణ వ్యవస్థ నిర్దోషమైన ఆఫీసు పత్రాలను సైతం ఎమొటెట్ అనుచరులుగా భావించి తెరవనివ్వలేదు. ఇక్కడ కావలివాడూ, పట్టుబడినవాడూ ఒకే ఇంటివారు. 2023 జనవరి 13న ఆ ఇంటిలోనే మరొక వింత జరిగింది. ఆఫీసు మాక్రోలు విండోసు లోపలి శక్తులను పిలువకుండా అడ్డుకొనేందుకు పెట్టిన నియమమొకటి గురి తప్పి, స్టార్ట్ మెనూలోనూ, టాస్కుబారులోనూ ఉండే షార్ట్‌కట్లను తుడిచివేసింది. వర్డ్, ఎక్సెల్ ఎక్కడికీ పోలేదు. వాటి గుమ్మాలు మాత్రమే పోయాయి. కాని గుమ్మం కనిపించని ఇల్లు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అని ఆ ఉదయం ఎందరికో తోచి ఉంటుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక తప్పుడు ఫైలు వల్ల దాదాపు 85 లక్షల విండోసు యంత్రాలు కూలిపోయిన సంగతి పత్రికలు చదివేవారందరికీ గుర్తే. 2006 నాటిదీ, 2023 నాటిదీ, 2024 నాటిదీ మూడూ శుక్రవారాలే. వారం వర్జ్యం చూసేవారు దీనికి ఏ భాష్యం చెప్పుకొన్నా అభ్యంతరం లేదు.

అయితే కావలివాడిని వట్టి మూర్ఖుడని తీసిపారవేయడం న్యాయం కాదు. అతడి అనుమానానికి చరిత్ర ఉన్నది. 1995 వరకూ పత్రమంటే కాగితం వంటిదేనని, కాగితం ఎవరినీ కరవదని లోకం నమ్మింది. ఆ యేడు 'కాన్సెప్ట్' అనే మాక్రో వైరసు వర్డ్ పత్రాలలో దాగి ఊరూరా వ్యాపించింది. అది చేసిన హాని అంతంత మాత్రమే. తెరమీద '1' అనే అంకె చూపి, వర్డ్ కొత్త పత్రాలన్నింటికీ మూసగా వాడుకొనే టెంప్లేటులో చేరి, అక్కడి నుండి పత్రం తరువాత పత్రానికి అంటుకొనేది. కాని ఉత్తరం లోపల ఆజ్ఞలు కూడ ఉండవచ్చునని, చదివేవాడికి తెలియకుండానే అవి అమలు కావచ్చునని దొంగలందరికీ అది పాఠం నేర్పింది. 1999 మార్చి 26న బయలుదేరిన 'మెలిసా' వర్డ్ పత్రం రూపంలోనే వచ్చి, అవుట్‌లుక్ చిరునామాల పుస్తకంలోని మొదటి 50 మందికి తనను తానే పంపుకొన్నది. అప్పటి నుండి ఆఫీసు ప్రోగ్రాములకు కాపలా బిగుసుకొంటూ వచ్చింది. 2007 నాటి ఆఫీసులో మాక్రోలున్న పత్రానికి వేరే ఫైలుపేరు పెట్టి, చూడగానే తెలిసేటట్లు చేశారు. 2022లో, ఇంటర్నెట్ నుండి దిగిన పత్రాలలోని మాక్రోలు అసలు నడవకుండా ఆపడమే రివాజు అయింది.

చిక్కేమిటంటే, నిజాయితీగా పనిచేసుకొనే మాక్రో చేసే పనులూ, దొంగ మాక్రో చేసే పనులూ చూడబోతే ఒక్కటే. రెండూ ఇతర ప్రోగ్రాములను లేపుతాయి. రెండూ ఫైళ్ళను తెరచి, మార్చి, మళ్ళీ రాస్తాయి. పాత యాంటీవైరసులు ముఖం చూసి మాత్రమే దొంగను పట్టేవి. ఫలానా వైరసు ఆనవాలు ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. దొంగలు రోజుకొక వేషం వేయడం మొదలుపెట్టాక అది చాలలేదు. నడక చూసి పట్టడం వచ్చింది. తరువాత మూడవది వచ్చింది: పరిచయం అడగడం. ఈ ఫైలును లోకంలో ఇంకెందరు వాడుతున్నారు, ఎన్నాళ్ళ నుండి వాడుతున్నారు, దీని మీద ఎవరి డిజిటల్ సంతకం ఉన్నది అని ఆరా తీయడం. ఈ మూడవ ప్రశ్న వద్దనే తెలుగువంటి భాషలలో పనిచేసేవారికి ఇబ్బంది మొదలవుతుంది.

పెద్ద సంస్థలలో ఇటువంటి చిక్కు వస్తే చూసేందుకు ఇంజనీర్ల దండు ఉంటుంది. హైదరాబాదులో రెండు గదుల అనువాద కార్యాలయం నడుపుకొనే ఒకామెకు ఆ వసతి లేదు. ఆమె ఇంగ్లీషు సాహిత్యం చదువుకొన్నది గాని, బ్రతుకుతెరువు మాత్రం ఆసుపత్రుల సమ్మతిపత్రాలు, బీమా షరతులు, మందుల వెంట వచ్చే కాగితాలు తెలుగు చేయడం. ఆమెతోపాటు టైపు చేసే అమ్మాయి ఒకతె, పిలిచినప్పుడు వచ్చి కంప్యూటర్లు చూసిపోయే కుర్రవాడు ఒకడు. అంతే సిబ్బంది.

ఆ కార్యాలయంలో పని రెండు రకాల తెలుగుల మధ్య నడుస్తుంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు వచ్చిన ఫాంటులలో తెలుగు అక్షరాల ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో కూర్చోబెట్టారు. కంప్యూటరు దృష్టిలో అది ఇంగ్లీషే. ఫాంటు తీసివేస్తే అర్థంకాని గుర్తుల గుట్ట. ముద్రణాలయాలు అనేకం ఇప్పటికీ ఆ ఫాంటులనే అడుగుతాయి. ఫోన్లూ, వెబ్‌సైట్లూ యూనికోడ్ అడుగుతాయి. అందుకని ఆమె వద్ద మూడు పనిముట్లు ఉన్నాయి. పాత ఫాంటులో టైపు చేయడానికి, మీటలు నొక్కినప్పుడల్లా వాటిని అందుకొని తెలుగు ఆకారాలుగా మార్చే చిన్న కీబోర్డు ప్రోగ్రాము ఒకటి. పాతదానిని యూనికోడుగా మార్చే కన్వర్టరు ఒకటి. ఒకే మీటతో వర్డ్‌లోని పాఠాన్ని ఆ కన్వర్టరుకు అందించి తిరిగి తెచ్చే మాక్రో ఒకటి. మూడూ తెనాలిలో ఉంటున్న ఒక పెద్దాయన చేసి ఇచ్చినవే. ఆయన ముప్పయ్యేళ్ళు డీటీపీ పనిచేసి, తన అవసరం కోసం ప్రోగ్రాములు రాయడం నేర్చుకొన్న మనిషి.

మాక్రో ఉన్న టెంప్లేటులోనే ఆమె పదకోశం కూడ ఉన్నది. ఇరవై ఏళ్ళుగా ఒక్కొక్క మాటకూ తాను, వైద్యులు, రోగులు కలసి తేల్చుకొన్న తెలుగు అంతా ఆటోటెక్స్టు పద్దులుగా అందులో చేరింది. 'రిస్క్' అన్న మాటకు ఎదురుగా 2009 నాటి ఆమె సూచన ఇట్లా ఉంటుంది: ప్రమాదం వద్దు, ఊళ్ళవాళ్ళు బస్సు ప్రమాదం అనుకొంటున్నారు, ముప్పు వాడాలి. ఇటువంటి పద్దులు ఆరు వేల పైచిలుకు. నిఘంటువులలో దొరకనిది అదే.

2023 ఆగస్టులో ఒక సోమవారం పొద్దున టైపు అమ్మాయి వచ్చి, "మేడమ్, తెలుగు పడటం లేదు" అన్నది. ఏ మీట నొక్కినా ఇంగ్లీషే పడుతున్నది. మార్చే మీట నొక్కితే ఏమీ జరగడం లేదు. పదకోశం జాడ లేదు. ఆ సాయంత్రానికి ఒక ఆసుపత్రికి మత్తుమందు సమ్మతిపత్రం సవరించి పంపాలి. మరునాడు శస్త్రచికిత్స జరగవలసినవారు దాని మీద సంతకాలు పెడతారు. వైద్యులు ఆమోదించిన పాత ప్రతి ఉన్నది. కాని అది పాత ఫాంటులో, అంటే ఆ పూట తెర మీద గుర్తుల గుట్టగా ఉన్నది.

కుర్రవాడు వచ్చి చూసి, "ఆఫీస్ కరప్ట్ అయినట్టుంది మేడమ్. రీఇన్‌స్టాల్ చేసేస్తే అయిపోతుంది" అన్నాడు. గంటన్నర పట్టింది. ఫలితం సున్న. దేశమంతటా ఈ వైద్యమే మొదట జరుగుతుంది. జబ్బు ఎక్కడ ఉన్నదో తెలియనప్పుడు అన్నిటికంటే పెద్ద అవయవాన్ని మార్చడం వంటిది. తరువాత అతడు రెండవ మాట అన్నాడు.

"యాంటీవైరస్ ఆపేసి చూద్దాం మేడమ్. చాలాసార్లు దాంతోనే పని అవుతుంది."

"ఆపితే తెలుగు వచ్చిందనుకో నాయనా, అప్పుడేం చేద్దాం? ఎప్పటికీ ఆపే ఉంచుదామా? ఇందులో రోగుల కాగితాలున్నాయి."

ఆమె మాటలో జాగ్రత్త ఉన్నది. అంతకన్న లోతైన కారణం ఒకటి అప్పటికి ఇద్దరికీ తెలియదు. యాంటీవైరసు ఒకసారి బంధించిన ఫైలు, దానిని ఆపినంత మాత్రాన తిరిగి రాదు. కాపలావాడు నిద్రపోతే కొట్టులో ఉన్నవాడు వాడంతట వాడు బయటికి రాడు. ఆపి చూచి, తెలుగు రాకపోతే, తప్పు దానిది కాదని తేల్చుకొని మరొక దారిన పోయేవారు. ఈ పరీక్ష వల్ల ఎందరు ఎన్ని పూటలు పోగొట్టుకొన్నారో చెప్పలేము.

ఆమె తెనాలికి ఫోను చేసింది. "అన్నయ్యగారూ, మీ కీబోర్డు చచ్చిపోయింది" అన్నది. పెద్దాయన కంగారు పడలేదు. "ముందు వర్డ్ సంగతి వదిలెయ్యమ్మా. నోట్‌పాడ్ తెరిచి నాలుగు మీటలు కొట్టు. పిచ్చి గుర్తులు పడుతున్నాయా, మామూలు ఇంగ్లీషు పడుతున్నదా?" అని అడిగారు. మామూలు ఇంగ్లీషే పడింది. పిచ్చి గుర్తులు పడి ఉంటే కీబోర్డు ప్రోగ్రాము బ్రతికి ఉన్నట్లు, జబ్బు ఫాంటులోనో వర్డ్‌లోనో ఉన్నట్లు. నోట్‌పాడ్‌లో కూడ ఇంగ్లీషే వచ్చిందంటే ఆ ప్రోగ్రామే నడవడం లేదన్న మాట. అర నిమిషపు ఈ పరీక్ష గంటన్నర రీఇన్‌స్టాలును తీసి పక్కన పెట్టింది. తరువాత కంట్రోల్ మీట పట్టుకొని వర్డ్‌ను సేఫ్ మోడులో తెరిపించారు. అదనపు హంగులేవీ లేకుండా అది నిక్షేపంగా తెరుచుకొన్నది. అంటే వర్డ్ ఆరోగ్యంగానే ఉన్నది. దాని వద్దకు రావలసినవాళ్ళే రావడం లేదు. "ఇప్పుడు యాంటీవైరసు రక్షణ చరిత్ర పేజీ తెరువమ్మా. నిన్న రాత్రి నుండి చదువు" అన్నారు.

ఆ పేజీలో మూడు పద్దులు ఉన్నాయి. ఉదయం 6 గంటల 40 నిమిషాలకు, ఎవరూ రాకముందే, కొత్త ఆనవాళ్ళు దిగాయి. వెంటనే కీబోర్డు ప్రోగ్రాము మీటలను దొంగిలించే కీలాగరు అన్న అనుమానం మీద నిర్బంధంలోకి పోయింది. టెంప్లేటు 'సందేహాస్పద మాక్రో'గా దాని వెనుకనే పోయింది. కన్వర్టరు మాత్రం, ఫైళ్ళను వరుసగా తిరిగి రాసే లక్షణం వల్ల, డాక్యుమెంట్స్ ఫోల్డరులో ఏమీ రాయడానికి వీలులేదన్న ఆంక్షకు లోనయింది. ఫైళ్ళను తాళం వేసి డబ్బు గుంజే దొంగలు కూడ అట్లాగే వరుసగా తిరిగి రాస్తారు మరి.

నిజం చెప్పాలంటే ఈ మూడు అనుమానాలూ అర్థంలేనివి కావు. నొక్కిన ప్రతి మీటనూ దారిలో అందుకొనే ప్రోగ్రాముకు తెలుగు అక్షరం వేయాలన్న తలంపు ఉన్నదా, బ్యాంకు సంకేతపదం ఎత్తుకుపోవాలన్న తలంపు ఉన్నదా అని యంత్రం ఎట్లా కనిపెట్టగలదు? ఒక చిన్న వివరం మాత్రం ఆమెకు ధైర్యమిచ్చింది. మూడింటికీ ఫలానా వైరసు అని పేరు లేదు. 'సందేహాస్పదం', 'సాధారణ రకం' అన్న మాటలే ఉన్నాయి. పేరు పెట్టి పట్టుకొన్నదానికంటే, పోలికను బట్టి పట్టుకొన్నదానిలో పొరపాటుకు ఎక్కువ తావుంటుంది.

కుర్రవాడు వెంటనే వాటిని విడిపించబోయాడు. ఆమె అతడి చేయి ఆపింది. ఇక్కడే ఈ కథలో అందరూ దాటిపోయే మెట్టు ఉన్నది. ప్రోగ్రామును చేసినవారు మంచివారే. కాని ఇప్పుడు ఈ కంప్యూటరులో ఉన్నది ఆయన చేసినదేనా? మంచి ప్రోగ్రాముకే వైరసు అంటుకొన్న సందర్భాలు లోకంలో లేకపోలేదు. పెద్దాయన ఇచ్చిన మొదటి సీడీ బీరువాలో భద్రంగా ఉన్నది. ప్రతి ఫైలుకూ ఒక వేలిముద్ర వంటి సంఖ్యను లెక్కగట్టవచ్చును. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య పూర్తిగా మారుతుంది. అందుకు కావలసిన సాధనం విండోసులోనే ఉన్నది. ఆయన తెనాలిలో తన వద్ద ఉన్న మూలప్రతులను లెక్కగట్టి ఫోనులో చదివారు. టైపు అమ్మాయి నిర్బంధంలోని ఫైలు పద్దులో రాసి ఉన్న సంఖ్యతో పోల్చింది. చివరి అంకె వరకూ కలిసింది. కన్వర్టరు సంఖ్య కూడ కలిసింది.

టెంప్లేటుతో ఈ ఉపాయం పారలేదు. రోజూ కొత్త మాటలు చేరుతూ ఉంటాయి కనుక దాని వేలిముద్ర రోజూ మారుతుంది. దానిని విడిపించి, మాక్రోలు నడవకుండా తెరచి, లోపలి ఆజ్ఞలను చదివి వినిపించమన్నారు పెద్దాయన. నలభై పంక్తులకు మించి లేవు. ఆమె చదువుతూ ఉంటే ఆయన "ఊఁ, నాదే" అంటూ వచ్చారు. ఇంగ్లీషు కావ్యాలు చదివిన గొంతు ఆ వేళ మాక్రో చదివింది. పోయిన నెల ఎక్స్‌టర్నల్ డిస్కులో దాచుకొన్న టెంప్లేటు నకలు కూడ ఆమె వద్ద ఉన్నది గాని, దానిని తగిలించవద్దని ఆయన ముందే హెచ్చరించారు. మినహాయింపు పెట్టకముందు డిస్కు తగిలిస్తే, కావలివాడు ఆ నకలును కూడ పట్టుకొని పోతాడు. అప్పుడు ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది.

మినహాయింపు ఎంత మేరకు పెట్టాలన్న దగ్గర మరొక వాదం నడిచింది. డీ డ్రైవు అంతటికీ పెట్టేస్తే మళ్ళీ తలనొప్పి ఉండదని కుర్రవాడి సలహా. పెద్దాయన ఒప్పుకోలేదు. "పెరటి తలుపు తీసి, పిల్లి కోసమే తీశామంటే దొంగ నమ్ముతాడా బాబూ?" అన్నారు. కాపలా లేని ఫోల్డరు ఎక్కడ ఉన్నదా అని వెతికే దుష్ట ప్రోగ్రాములు నిజంగానే ఉన్నాయి. అక్కడ చేరితే వాటిని అడిగేవారు ఉండరు. అందుకని ఆ రెండు ప్రోగ్రాములకూ, టెంప్లేటుకూ, పూర్తి దారితో సహా పేరు పెట్టి, వాటి వరకే మినహాయింపు పెట్టారు. టెంప్లేటు ఉండే ఫోల్డరులో ఇక వేరే ఏ ఫైలూ పెట్టరాదని అనుకొన్నారు. డాక్యుమెంట్స్ ఫోల్డరులో రాసేందుకు కన్వర్టరు ఒక్కదానికే అనుమతి ఇచ్చారు. ఆదరాబాదరాగా అందరూ చేసే మరొక పని, అంటే పాత యాంటీవైరసు ఉండగా ఇంకొకటి తెచ్చి పెట్టడం, వారు చేయలేదు. ఒకే ఫైలును ఇద్దరు కావలివాళ్ళు చెరొక వైపు లాగితే, వర్డ్ భద్రపరిచేటప్పుడు రాసుకొనే తాత్కాలిక ఫైలు వారి చేతులలో చిక్కుకొని, 'సేవ్ చేయలేకపోయాము' అన్న సందేశం రావడం మామూలే.

మూడు గంటలకు తెలుగు వచ్చింది. పాత సమ్మతిపత్రం గుర్తుల గుట్ట నుండి మళ్ళీ మాటలుగా లేచింది. ఆరున్నరకు ఆసుపత్రికి చేరింది. అందులో ఆరుచోట్ల 'ముప్పు' అన్న మాట ఉన్నది, ఒక్కచోట కూడ 'ప్రమాదం' లేదు.

పని గట్టెక్కింది గాని, ప్రశ్న మిగిలింది. అదే యంత్రంలో ఇంగ్లీషు కీబోర్డు ప్రోగ్రాములు, అక్షరదోషాలు దిద్దేవి, మాటను టైపు చేసేవి ఉన్నాయి. అవి కూడ మీటలను అందుకొంటాయి, పత్రాలను తిరిగి రాస్తాయి. వాటిని ఎవరూ పట్టుకోలేదు. కారణం వాటి నడక వేరుగా ఉండడం కాదు. వాటికి పరిచయం ఉండడం. వాటి మీద పెద్ద సంస్థల డిజిటల్ సంతకం ఉన్నది, కోట్ల కంప్యూటర్లలో అవి కనిపిస్తాయి. మైక్రోసాఫ్ట్ వారి రక్షణ నియమాలలో, ఎక్కువమంది వాడనిదీ, ఇటీవల పుట్టినదీ, నమ్మకస్థుల పట్టికలో లేనిదీ అయిన ప్రోగ్రామును నడవనివ్వరాదన్న నియమం స్పష్టంగానే ఉన్నది. దొంగ ప్రోగ్రాములు రోజుకొక కొత్త రూపుతో పుడతాయి కనుక ఎవరూ ఎరుగని ముఖాన్ని అనుమానించడం తెలివైన పనే. కాని ఆ లెక్కలో, తెనాలిలో ఒక్క మనిషి చేసి పాతికమందికి పంచిన తెలుగు పనిముట్టూ, నిన్న రాత్రి పుట్టిన దొంగా పక్కపక్కనే నిలబడతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. కావలివాడు భాషను లెక్కపెట్టడు, ఫైలును లెక్కపెడతాడు. పాత ఫాంటుల కన్వర్టర్లు వాడేవారు ఆ కోట్లలో గుప్పెడుమంది. ఇటువంటి పనిముట్లు మన దేశంలో ఒక్క తెలుగుకే కాదు, పాత ఫాంటులలో పుస్తకాలు కూర్చిన ప్రతి భాషకూ ఉన్నాయి. వాటిని చేసినవారిలో చాలామంది ఇటువంటి ఒంటరివారే.

ఆ రాత్రి ఆమె యాంటీవైరసు సంస్థకు కీబోర్డు ప్రోగ్రామునూ, కన్వర్టరునూ పంపి, ఇవి నిర్దోషులని, ఎందుకు వాడతారో వివరించి రాసింది. ఇందుకోసం దాదాపు అన్ని సంస్థలూ ఒక మార్గం తెరచి ఉంచుతాయి, ఉపయోగించుకొనేవారే తక్కువ. టెంప్లేటును మాత్రం పంపలేదు. అందులో ఆసుపత్రుల మాటలున్నాయి, అవి పరాయివారికి పంపదగినవి కావు. నాలుగు రోజులకు రెండు పంక్తుల జవాబు వచ్చింది: పరిశీలించాము, తరువాతి ఆనవాళ్ళలో సవరిస్తాము. అట్లాగే సవరించారు.

నవంబరులో పెద్దాయన కీబోర్డు ప్రోగ్రాములో ఒక వత్తు సరిగా పడని లోపం దిద్ది కొత్త ప్రతి పంపారు. దిద్దినది రెండు పంక్తులే. కాని ఫైలు మారింది కనుక వేలిముద్ర మారింది. వేలిముద్ర మారింది కనుక కావలివాడికి మళ్ళీ అది ఎరుగని ముఖమే. డిజిటల్ సంతకం కొంటే ఈ బాధ చాలావరకు తీరుతుందని ఆమె చెప్పింది. ఆయన విచారించి, "ఏటా కట్టాలటమ్మా. దీని మీద ఇంతవరకు నాకు వచ్చినది అంతకన్న తక్కువ" అన్నారు. ఆయన దానిని ఎవరికీ అమ్మలేదు. ఈసారి ఆమె కొత్త ప్రతిని ముందుగానే యాంటీవైరసు సంస్థకు పంపి, జవాబు వచ్చేదాకా పాతదానితోనే పని నడిపింది. ఆ వత్తు వచ్చినచోటల్లా టైపు అమ్మాయి చేత్తో దిద్దింది.